ఒకే మనిషి, నాలుగు చొక్కాలు

బల్ల మీద పదకొండు ఫోటోలున్నాయి. టీ కప్పులు పెట్టడానికి చోటు లేక అత్తగారు రెండు చేతుల్లో రెండు కప్పులు పట్టుకుని నిలబడిపోయింది. టీ చల్లారిపోతోందని అందరికీ తెలుసు. ఎవరూ చెయ్యి చాపలేదు.

కోడలు అరవలేదు. అరిచినా బాగుండేదని ఆ ఇంట్లో మిగతా ముగ్గురికీ అనిపించింది. పై ఆఫీసు నుంచి నిన్న వచ్చిన పాత సర్వే ఫైల్లోంచి ఫోటోలు ఒక్కొక్కటే తీసి, పేకముక్కలు పరిచినట్టు పరిచి, ఆమె కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. ఒంటి మీద అప్పటికే స్టోరు కోటు ఉంది. జేబుకి మేనేజరన్న బిళ్ళ కూడా తగిలించుకుంది. ఆమె ఉద్యోగం సంగతి తేల్చడానికి పదకొండు గంటలకి పై ఆఫీసావిడ వస్తుంది. ఇప్పుడు ఎనిమిదిన్నర.

మొదటి నాలుగు ఫోటోల్లో ఉన్నది ఆమె మొగుడు. మూతపడి ఉన్న మాల్ గేటు ముందు నుంచి నడిచిపోతున్నాడు. పది గంటలకి ఆకుపచ్చ గళ్ళ చొక్కా, పదకొండుకి నీలం చొక్కా, పన్నెండుకి భుజాలు మోచేతుల దాకా జారిపోయిన ఎవరిదో పెద్ద చొక్కా, ఒంటిగంటకి పసుపు చొక్కా, దానికి తోడు ఒక టోపీ. తేదీ మాత్రం ఒకటే. గంటకో చొక్కా పెళ్ళికొడుకు కూడా మార్చడు.

తర్వాతి మూడూ అత్తగారివి. నల్ల గొడుగు, పూల గొడుగు, గొడుగు లేకుండా తల చుట్టూ శాలువా. ఆ పక్క మూడూ వీధి చివర టైలరువి, ఆయన్ని అందరూ గుండీలాయన అంటారు. ఇక పదకొండోది మామగారిది. గేటు పక్కన స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో చెయ్యి పెట్టుకుని, నేరుగా కెమెరాలోకి చూస్తున్నాడు.

ముంజేతి కంకణానికి అద్దమెందుకు అంటారు. ఇక్కడ పదకొండు అద్దాలున్నాయి.

"ఎవరు చెబుతారు?" అంది కోడలు.

మామగారు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. మొగుడు కిటికీలోంచి ఎదురుగా ఉన్న మాల్ వైపు చూశాడు. అత్తగారు కప్పుల్లోకి చూసింది. దొంగకి తేలు కుట్టినట్టు అన్న మాట పుట్టించినవాళ్ళు ఈ ముగ్గురినీ చూసే పుట్టించి ఉంటారు.

ఆ వీధిలో అబద్ధం చెప్పడం చేతకాని మనిషంటే మామగారే. మాల్ వెలిగిపోతున్న రోజుల్లో ఇరవయ్యేడేళ్ళు అందులో లిఫ్టు నడిపాడు. ఇప్పటికీ ఆయన్ని లిఫ్టు పెద్దాయన అనే పిలుస్తారు. ఎవరో లిఫ్టులో పారేసుకున్న ఒంటి చెవిపోగుని నాలుగేళ్ళు అగ్గిపెట్టెలో దాచి, ఆ మనిషి మళ్ళీ కనబడ్డ రోజున మెట్ల మీద పరుగెత్తి వెళ్ళి ఇచ్చాడు. నిప్పులాంటి మనిషని పేరు. ఆ పేరు చూసే కదా గేటు దాటే జనం లెక్క ఆయనకి అప్పజెప్పింది.

మాల్ మూతపడ్డ ఆరేళ్ళలో వీధి ఎలా ఎండిపోయిందో కోడలికి ఎవరూ చెప్పక్కర్లేదు. ముందు మందుల షాపు పోయింది. తర్వాత బస్సు ఆగడం మానేసింది. తర్వాత వీధి దీపాలు వెలగడం మానేశాయి. ఒక కట్ట ఆకుకూర కావాలంటే పక్క వీధి దాకా నడిచి రెండు బస్సులు మారాలి. ఓపిక ఉన్నవాళ్ళు ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళారు, లేనివాళ్ళు మిగిలారు.

అప్పుడు ఒక బిల్డరు వచ్చి మాల్‌ని బాగుచేస్తానన్నాడు, కాకపోతే కింది అంతస్తులో పెద్ద సరుకుల స్టోరు వస్తేనే అన్నాడు. కూరలకీ పాలకీ రోజూ జనం వచ్చే చోటుకే మిగతా షాపులు వస్తాయని ఆయన నమ్మకం. ఆ స్టోరు కంపెనీ ఇంకో షరతు పెట్టింది. గేటు ముందు నుంచి రోజుకి ఎనిమిది వందల మందైనా నడవాలి, వీధిలో నమ్మకమైన మనిషిని పెట్టి పధ్నాలుగు రోజులు లెక్కపెట్టించండి అంది. వాళ్ళ కెమెరా గంటకోసారి ఒక ఫోటో తీసేది. ఆ ఫోటోల్లో మొహాలు ఎవరివో తెలిసినవాళ్ళు కంపెనీలో ఎవరూ లేరు, నిన్నటి దాకా ఆ ఫైలు కోడలి చేతికి రాలేదు.

ఫైలు చివరి పేజీలో రోజుకి సగటున పదకొండు వందల నలభై మంది అని ఉంది. కింద మామగారి సంతకం ఉంది.

"మొదటి రోజు రెండు వందల పన్నెండమ్మా," అన్నాడు మామగారు చివరికి, కాళ్ళ వైపే చూస్తూ. "పొద్దున ఏడింటి నుంచి చీకటి పడేదాకా కూర్చుంటే రెండు వందల పన్నెండు. నిజం అదొక్కటే."

రెండో రోజు సంగతి ఆయన ఆగి ఆగి చెప్పాడు. లెక్కకి ఒక చిన్న మిషను ఇచ్చారు, బొటనవేలితో నొక్కితే ఒక అంకె పెరుగుతుంది. మధ్యాహ్నం ఒకావిడ గేటు దాటి వెళ్ళి, కళ్ళజోడు మరిచిపోయానని ఇంటికి తిరిగొచ్చి, మళ్ళీ గేటు దాటింది. ఆయన వేలు అలవాటు కొద్దీ మళ్ళీ నొక్కేసింది.

"ఆ మిషనుకి వెనక్కి తిరగడం రాదు. నొక్కితే పెరుగుతుంది, లేదంటే మొత్తం సున్నా అవుతుంది. సున్నా చేస్తే ఆ రోజు లెక్కంతా పోతుంది. ఒకటే కదా అని వదిలేశాను."

"ఎవరావిడ?"

"నేనేనమ్మా," అంది అత్తగారు.

ఒకటి వదిలేసినవాడికి రెండోది బరువనిపించదు. ఆ పక్కనే బెంచీ మీద కూర్చుని ఇదంతా చూసిన గుండీలాయన, అలా అయితే నేనూ ఓసారి చుట్టి వస్తానని లేచాడట. ఆయన షాపులో కుట్టి పెట్టినా ఎవరూ పట్టుకుపోని చొక్కాలు ఇరవై దాకా ఉన్నాయి. వీధి వదిలిపోయినవాళ్ళ చొక్కాలవి. మూడో రోజు నుంచి అవి వీధిలో నడవడం మొదలుపెట్టాయి. జనం గేటు దాటి, వెనక సందులోంచి చుట్టి వచ్చి, టైలరు షాపులో చొక్కా మార్చుకుని, మళ్ళీ గేటు దాటేవాళ్ళు. నవ్వుకుంటూ చేశారు. బస్సు మళ్ళీ వస్తుందనుకుంటూ చేశారు. తిలాపాపం తలా పిడికెడు.

"అయితే వీధంతటికీ తెలుసు," అంది కోడలు. "నాకు తప్ప."

మొగుడు కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగాడు. మాల్ తెరిచాక మొదటి అంతస్తులో వచ్చిన కళ్ళజోళ్ళ షాపులో అతను అద్దాలు బిగిస్తాడు. ఉద్యోగం పోయి రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నవాడికి ఆ షాపు వల్లే మళ్ళీ తలెత్తుకు తిరగడం వచ్చింది.

"అప్పటికి నువ్వు ఈ కంపెనీలోనే వేరే బ్రాంచిలో ఉన్నావు, పొద్దున పోతే రాత్రికి గానీ వచ్చేదానివి కాదు," అన్నాడు. "కంపెనీ మనిషివి. నీకు చెబితే నిన్ను ఇరికించినట్టవుతుందనుకున్నాం."

"సరే. మన వీధికే స్టోరు వస్తోందని బతిమాలి బదిలీ చేయించుకుని వచ్చాను కదా. తర్వాత ఎందుకు చెప్పలేదు?"

మొగుడు మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. కోడలు మాత్రం ఊరుకోలేదు.

రెండో నెలలో పై ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం గుర్తుచేసింది. గేటు ముందు అంతమంది నడుస్తుంటే లోపలికి సగం మంది కూడా రావడం లేదు, మేనేజరు మొహంలో ఆదరణ లేదేమో చూసుకోవాలి అని రాశారు. ఆ రోజు నుంచి ఆమె స్నానాల గదిలో అద్దం ముందు నవ్వడం నేర్చుకుంది. పెదవులు ఎంత విప్పాలి, కళ్ళు ఎంత పెద్దవి చెయ్యాలి, చెయ్యి ఎలా చూపాలి. రోజూ పది నిమిషాలు. తలుపు తీసి ఉంచి అత్తగారిని గుమ్మంలో నిలబెట్టి, బాగుందా అని అడిగేది.

"ఇంకాస్త పళ్ళు కనబడాలమ్మా అన్నారు మీరు," అంది కోడలు. "మూడు గొడుగులు మార్చిన మీరే అన్నారు."

అత్తగారు కప్పులు రెండూ నేల మీద పెట్టేసి అక్కడే చతికిలబడింది. "సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా," అంది. "నువ్వు అద్దంలో నవ్వినప్పుడల్లా చచ్చాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటే ఎనిమిది నెలలు గడిచిపోయాయి."

కోడలు ఆమెని లేపలేదు. ఇంకో రోజైతే లేపేది.

"రెండు వందల పన్నెండు," అంది తనలో తాను అనుకుంటున్నట్టు. "ఇప్పుడు నా స్టోరుకి రోజుకి ఐదు వందల ముప్పై మంది వస్తున్నారు. గేటు ముందు పదకొండు వందల మంది నడుస్తున్నారు, అందులో సగం మంది నా మొహం చూసి పారిపోతున్నారు అనుకున్నాను. ఎనిమిది నెలలుగా అదే అనుకుంటున్నాను. రెండు వందల పన్నెండు మంది నడిచే వీధికి నేను ఐదు వందల ముప్పై మందిని తీసుకొచ్చాను."

గొప్పగా చెప్పుకోవాల్సిన మాట అది. ఆమె నోట ఏడుపులా వచ్చింది.

మామగారు లేచి లోపలికి వెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చాడు. మరలూ మేకులూ ఉన్న ఆ డబ్బాలోంచి చిన్న మిషను తీసి బల్ల మీద, తన ఫోటో పక్కన పెట్టాడు. "నేను వస్తాను," అన్నాడు. "ఆవిడ ముందు నేనే చెబుతాను. నీ మీదకి రానివ్వను."

అప్పుడు మొగుడు, నాన్నకి గుర్తుందో లేదో అంటూ ఒప్పందం సంగతి ఎత్తాడు. ఇచ్చిన లెక్క తప్పని తేలితే కంపెనీ నెల రోజుల్లో స్టోరు ఎత్తేసి వెళ్ళిపోవచ్చు. స్టోరు పోతే మందుల షాపు ఉండదు, పైన పళ్ళ డాక్టరు ఉండడు, తను అద్దాలు బిగించే షాపు ఉండదు. బస్సూ ఉండదు. చెప్పకపోతే మేనేజరు మాత్రమే మారుతుంది, ఆమె పోయి ఇంకొకరు వస్తారు. అతను ఇవన్నీ చాలా మెల్లగా, తప్పు చేసినవాడి గొంతుతోనే చెప్పాడు. కానీ చెప్పాడు.

"అంటే నన్ను పొమ్మంటున్నావు," అంది కోడలు.

"నేనలా అన్లేదు."

"అనక్కర్లేదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అత్తగారు నేల మీద నుంచే, ఆవిడ వచ్చేది పదకొండుకేనా అని అడిగింది. ఈ సమయంలో ఆ ప్రశ్నేమిటని కోడలికి ఒళ్ళు మండింది. పదకొండుకే అని ముక్తసరిగా చెప్పింది. మొగుడు తల కూడా దువ్వుకోకుండా చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. మొహం చూపించలేక పోతున్నాడనుకుందామె.

ఫోటోలన్నీ కవర్లో పెట్టి సంచిలో వేసుకుంది. మిషను తీసుకోలేదు. మామగారు గుమ్మం దాకా వచ్చి, నేను కూడా వస్తానమ్మా అని మళ్ళీ అన్నాడు.

"రాకండి మామయ్యా. మీరు లెక్కపెట్టింది చాలు."

మెట్లు దిగుతుంటే ఆ మాట ఆమెకే గుచ్చుకుంది. పెళ్ళయ్యాక ఇన్నేళ్ళలో ఆ మనిషితో ఒక్క ముక్క ఎదురుగా అనలేదు. రెండో అంతస్తులో ఒక్క క్షణం ఆగింది, వెనక్కి వెళ్ళలేదు.

వీధి దాటడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లో ఆమె వీధిని ఎప్పుడూ చూడనట్టు చూసింది. బస్సు స్టాపులో నలుగురు నిలబడి ఉన్నారు. మందుల షాపు తలుపు మీద కొత్త వేళలు రాసి పెట్టారు. స్టోరు గుమ్మం పక్కన తను వేయించిన నాలుగు కుర్చీల్లో రెండింట్లో ముసలివాళ్ళు కూర్చుని ఎవరినో తిట్టుకుంటున్నారు. పూర్వం వాళ్ళు ఎవరిళ్ళల్లో వాళ్ళు కూర్చుని ఒంటరిగా తిట్టుకునేవాళ్ళు.

ఈ వీధిలో చాలా ఇళ్ళల్లో ఉన్నది ఒక్కరో ఇద్దరో అని మొదటి నెలలోనే కనిపెట్టింది ఆమె. అందుకే క్యాబేజీ సగానికి కోసి పెట్టించింది, బియ్యం అరకిలో సంచుల్లో కట్టించింది. మెట్లు ఎక్కి దిగలేనివాళ్ళకి సాయంత్రం తనే సరుకులు పట్టుకెళ్ళేది. ఇవన్నీ ఎవరూ చెప్పకుండా చేసింది, ఓడిపోతున్నానన్న భయంతో చేసింది. భయపడి చేసినా మంచిపని మంచిపనే. సంచిలో ఫోటోలు బయటపెడితే తను గెలిచినట్టు రుజువవుతుంది. తను గెలిచిందని రుజువైన నెలకి ఈ కుర్చీలు ఉండవు.

పై ఆఫీసావిడ పది నిమిషాలు ముందే వచ్చింది. స్టాకు గది పక్కన చిన్న గదిలో, అటు ఉప్పు సంచులూ ఇటు సబ్బుల పెట్టెలూ ఉన్న చోట కూర్చుంది. కఠినంగా ఉంటుందనుకుంటే, ఆవిడ మోకాలు నొప్పితో, దగ్గుతో, అలిసిపోయిన పెద్దక్కలా ఉంది. టీ వద్దంది, మంచినీళ్ళు అడిగింది. ఆ మంచితనం చూసి కోడలికి ఇంకా కష్టమైంది. కసిరే మనిషి ముందు నిజం చెప్పడం తేలిక.

ఆవిడ ఒక కాగితం తీసి ముందుకు జరిపింది. స్టోరుకి రావలసినంత జనం రాకపోవడానికి బాధ్యత నాదే, నన్ను గిడ్డంగి పనికి మార్చడానికి నాకు అభ్యంతరం లేదు అని ఉంది. గిడ్డంగి ఊరికి ఎంత దూరమో ఇద్దరికీ తెలుసు.

"నాకూ ఇష్టం లేదమ్మా," అంది ఆవిడ. "మీరు కష్టపడతారని తెలుసు. కానీ గేటు ముందు నడిచే ఆ పదకొండు వందల మందీ ఏమైపోయారు? వాళ్ళేరి? నేను పైన ఏం చెప్పను?"

కోడలు సంచిలో చెయ్యి పెట్టింది. కవరు వేళ్ళకి తగిలింది. చెబుదామనే అనుకుంది. ఆ సంగతి మనం నమ్మాలి, ఎందుకంటే తర్వాత ఆమె తనని తాను నమ్మలేదు.

అప్పుడే బయట గోల మొదలైంది.

ఆ గది గోడకి స్టోరంతా కనబడేలా కిటికీలాంటి ఒక వెడల్పాటి అద్దం ఉంది. ఇద్దరూ అటు తిరిగారు. వారం మధ్యలో, పదకొండు గంటల వేళ, స్టోరులో అడుగు పెట్టడానికి చోటు లేదు. ట్రాలీలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. బిల్లింగ్ దగ్గర వరస పాల అరల దాకా వెళ్ళింది. తలుపులోంచి ఇంకా వస్తూనే ఉన్నారు.

కోడలికి ముందు సంతోషమే కలిగింది. అది ఎంతసేపో కాదు, గుండీలాయన పప్పుల వరసలోంచి వెళ్ళి, కూరల వైపు నుంచి చొక్కా మార్చుకుని వచ్చేంతసేపే. ఆయన తొందరలో మెడపట్టీకి గుచ్చిన గుండుసూదులు కూడా తీయలేదు.

తర్వాత మొగుడు కనబడ్డాడు. తల ఇంకా దువ్వుకోలేదు. పసుపు చొక్కా, ఆ టోపీ. తలుపు దగ్గర నిలబడి జనాన్ని లోపలికి తోలుతున్నాడు. బయటి కుర్చీల్లో తిట్టుకుంటున్న ముసలివాళ్ళిద్దరూ ఒక ట్రాలీని చెరోపక్కా పట్టుకుని తోసుకుంటూ వస్తున్నారు. అత్తగారు పూల గొడుగు మూసి చంకలో పెట్టుకుని సబ్బుల అర ముందు నిలబడి ఉంది. అద్దంలోంచి కోడలు చూస్తోందని తెలిసి ఇటు తిరిగి నవ్వింది. పళ్ళు కనబడేలా నవ్వింది. అది కోడలు అద్దం ముందు నేర్చుకున్న నవ్వే.

పొద్దున బల్ల దగ్గర అంత జరిగాక వీళ్ళకి తోచిన ప్రాయశ్చిత్తం ఇది. అడుసు తొక్కిన కాళ్ళు కడగమంటే మళ్ళీ అడుసులోనే దిగారు. కోపం రావలసింది కోడలికి. రాలేదు. ఆమె కోసం పరుగెత్తుకొచ్చారు, ఆ వయసులో ఆ మోకాళ్ళతో.

పై ఆఫీసావిడ మాత్రం లేచి అద్దం దగ్గరికి వెళ్ళి నిలబడింది. మొహంలో అలసట సగం పోయింది. "ఇదేంటమ్మా, ఇంతమంది ఉన్నారే!" అంది. కాసేపు చూసింది. ఒక ముసలాయన ట్రాలీలో సగం క్యాబేజీ మాత్రమే ఉండటం చూసి ముచ్చటపడింది. ఆ సగం కోయించాలన్న ఆలోచన ఎవరిదని అడిగింది. నాదేనని కోడలు చెప్పింది. ఆ గదిలో ఆ పూట ఆమె చెప్పిన మాటల్లో అదొక్కటీ పూర్తిగా నిజం.

ఆవిడ వెనక్కి వచ్చి బల్ల మీద కాగితం చేతిలోకి తీసుకుంది.

"నేను ఎన్నో స్టోర్లు చూశాను. కాగితం మీద ఒకటుంటుంది, కంటికి ఒకటి కనబడుతుంది. నాకు కంటి మీదే నమ్మకం," అంది. "ఒక్కటి చెప్పండి. మామూలు రోజుల్లో కూడా ఈ వేళకి ఇలాగే ఉంటుందా? మీరు అవునంటే ఇది ఇక్కడే చింపేస్తాను."

కోడలి చెయ్యి ఇంకా సంచిలోనే ఉంది. కవరు ఇంకా వేళ్ళ మధ్యే ఉంది. అద్దం అవతల అత్తగారు ఇంకా నవ్వుతూనే ఉంది, నవ్వు ఎప్పుడు ఆపాలో తెలియక. ఒక్క మాటే కదా అనుకుంది కోడలు. అలాంటి మాటే పొద్దున ఎవరి నోట విందో అప్పటికి గుర్తు రాలేదు.

"అవునండీ," అంది.

ఆవిడ కాగితాన్ని రెండుగా, నాలుగుగా చింపి సంచిలో పడేసుకుంది. మంచిది, అయితే ఈ రోజు జనాన్నే ఇకనుంచి మీ మామూలు లెక్కగా రాసుకుంటాను, వచ్చే నెల ఇంతకి తగ్గకుండా చూడండి అని నవ్వింది. కోడలు కూడా నవ్వింది. ఎనిమిది నెలల సాధన, నవ్వు దానంతటదే వచ్చేసింది.

గుమ్మంలో చిన్న దగ్గు వినబడింది.

మామగారు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. లిఫ్టు నడిపిన రోజుల నాటి కోటు వేసుకున్నాడు, గుండీలు పైదాకా పెట్టుకున్నాడు. కుడిచేతి పిడికిట్లో చిన్న మిషను ఉంది. రావద్దంటే వచ్చినందుకు తప్పుపట్టుకోకమ్మా అన్నట్టు కోడలి వైపు ఒకసారి చూసి, పై ఆఫీసావిడకి నమస్కారం పెట్టాడు.

"పాత లెక్క పెట్టింది నేనేనండీ," అన్నాడు. "ఈ రోజు కూడా తలుపు తెరిచినప్పట్నుంచీ గుమ్మం పక్కనే నిలబడి లెక్కపెట్టాను. ఒక్కో మనిషిని ఒక్కసారే."

ఆవిడ మొహం విప్పారింది. "ఓహో, ఆ లిఫ్టు పెద్దాయన మీరేనా? మీ గురించి ఫైల్లో రాసుంది, ఈ వీధిలో మీ మాటంటే మాటేనట," అంది. కూర్చోమని సబ్బుల పెట్టె చూపించింది. ఆయన కూర్చోలేదు. "ఇంతకీ ఎంతమంది వచ్చారేంటి?"

మామగారు పిడికిలి విప్పాడు. అంకెలు ఆయనకే కనబడుతున్నాయి. పొద్దున బల్ల దగ్గర లేని స్థిమితం ఇప్పుడు ఆ మనిషిలో ఉంది. చెప్పడానికి నోరు తెరిచి, కోడలి అనుమతి కోసం ఆమె వైపు తిరిగాడు.

అంతకుముందు తను అవునండీ అన్న మాట ఆయన విన్నాడో లేదో కోడలికి తెలియదు. తల ఎత్తి చూస్తే తెలిసేది. ఆమె తన కాళ్ళ వైపు చూసుకుంటోంది.